పోస్ట్‌గ్రెస్‌ల మ్యాక్స్ వాల్ సైజ్ ఎంత పెట్టాలె?

నమస్తే. మిర్చి సీజన్‌ల ఏనుమాముల మార్కెట్ ఎట్లుంటదో వరంగల్ వాళ్లకు చెప్పక్కర్లేదు. పొద్దున జెండా పాట, ఆ వెంటనే కాంటాలు, తక్‌పట్టీలు (అమ్మకం చీటీలు). అట్లాంటి బిల్లింగు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద నడుస్తుంటే, రాత్రంతా ఖాళీగున్న సర్వర్ సరిగ్గా కాంటాల టైంకే మొరాయిస్తది. మొదలు సర్వర్ లాగ్ తెరవండి. 'చెక్‌పాయింట్స్ ఆర్ అకరింగ్ టూ ఫ్రీక్వెంట్లీ' అనే లైన్ కనపడితే, ర్యామ్ కొనుడు పక్కకు పెట్టి మ్యాక్స్ వాల్ సైజ్ అనే సెట్టింగ్ చూడండి.

వాల్ అంటే మార్పులను ముందుగాల రాసుకునే చిట్టా (రైట్ అహెడ్ లాగ్). ఏ మార్పైనా ముందు పీజీ వాల్ ఫోల్డర్‌ల ఉన్న 16 ఎంబీ ఫైళ్లల్ల పడ్తది. టేబుల్ ఫైళ్లకు తర్వాత చేరుతది. ఆ చేర్చుడు పూర్తి చేసేదే చెక్‌పాయింట్. డిఫాల్ట్‌గా 5 నిమిషాలకోసారి, వాల్ ఎక్కువైతే అంతకు ముందే.

మ్యాక్స్ వాల్ సైజ్ డిఫాల్ట్ 1 జీబీ కదా, అది నిండేదాకా ఆగుతది అనుకుంటరు. ఆగదు. చెక్‌పాయింట్ నడుస్తుంటే కూడా కొత్త రాతలు వస్తనే ఉంటయి, వాటికి జాగా ముందే తీసి పెడ్తది. రెండు చెక్‌పాయింట్ల నడుమ టైంల ఎంత భాగం మీద ఆ రాతలు పరచాలో చెప్పే కంప్లీషన్ టార్గెట్ 0.9 ఉంటే, 1 జీబీని 1.9 (1 + 0.9)తోని భాగించుడే. అంటే సుమారు 530 ఎంబీకే చెక్‌పాయింట్ మొదలు.

ఇంకో తిప్పలుంది. చెక్‌పాయింట్ అయినంక ఏ 8 కేబీ పేజీని మొదటిసారి మార్చినా, ఆ పేజీ మొత్తం వాల్‌ల రాస్తది. చెక్‌పాయింట్లు దగ్గర పడ్డాకొద్ది వాల్ పెరుగుతది, వాల్ పెరిగినాకొద్ది చెక్‌పాయింట్లు. ఇట్ల పేజీ మొత్తం రాయించే ఫుల్ పేజ్ రైట్స్ ఆఫ్ చేయమనే సలహా మాత్రం వినకండి. కరెంటు పోయి పేజీ సగమే డిస్క్‌కు చేరితే, సరిచేయడానికి కాపీ ఉండదు. వాల్ కంప్రెషన్ ఆన్ చేసుకోండి, గా పేజీలే చిన్నగైతయి.

ఇగ లెక్క. కాంటాలు జోరుమీదున్నప్పుడు, వాల్ ఎక్కడిదాకా రాసిందో చెప్పే పీజీ_కరెంట్_వాల్_ఎల్‌ఎస్‌ఎన్ నడపండి, 15 నిమిషాలకు మళ్లీ నడపండి. రెంటినీ పీజీ_వాల్_ఎల్‌ఎస్‌ఎన్_డిఫ్‌కు ఇస్తే బైట్లు వస్తయి. 2 జీబీ వచ్చిందనుకోండి: చెక్‌పాయింట్ టైమౌట్ 15 నిమిషాలు, మ్యాక్స్ వాల్ సైజ్ కనీసం 3.8 జీబీ (2 × 1.9). సీజన్ పెరుగుతది కాబట్టి 6 పెట్టుడే మంచిది. మిన్ వాల్ సైజ్ డిఫాల్ట్ 80 ఎంబీ, దాన్ని 2 జీబీ చేయండి. లేకుంటే రాత్రి ఖాళీల పాత ఫైళ్లు చెరిగిపోయి, పొద్దున కొత్తవి పుట్టించుకోవాల్సి వస్తది. ఆల్టర్ సిస్టమ్‌తోని పెట్టి రీలోడ్ చేస్తే చాలు, రీస్టార్ట్ అక్కర్లేదు. సర్వర్ క్రాష్ అయితే కోలుకునే టైం మాత్రం పెరుగుతది, అది ఒప్పుకోవాల్సిందే.

తర్వాత 17వ వెర్షన్ నుంచి అయితే పీజీ_స్టాట్_చెక్‌పాయింటర్, అంతకు ముందువాటిల పీజీ_స్టాట్_బీజీరైటర్ చూడండి. టైంకు అయినవి ఎక్కువ, అడిగి చేయించినవి (వాల్ ఎక్కువై అయినవి ఇందులనే వస్తయి) తక్కువ ఉండాలె.

పోతే, ఈ 6 జీబీ చెరువు కట్ట కాదు, తూము ఎత్తే గుర్తు. కాలువ మూసుకపోతే నీళ్లు గుర్తు దాటుతయి. రెప్లికా (సర్వర్ నకలు) తీసేసి, దానికోసం వాల్‌ను ఆపి పెట్టే స్లాట్‌ను మరిచిపోయినా, వాల్ ఫైళ్లను వేరే చోట దాచే ఆర్కైవ్ కమాండ్ ఫెయిలైతున్నా వాల్ ఫైళ్లు పోవు, డిస్క్ నిండి సర్వర్ ఆగిపోతది. అప్పుడు పీజీ వాల్ ఫోల్డర్‌ల చేతితో ఫైళ్లు తీసేస్తే డేటాబేస్ లేవకపోవచ్చు. పీజీ_రెప్లికేషన్_స్లాట్స్‌ల యాక్టివ్ కానిది చూసి, అక్కర్లేదని తేలినంకనే డ్రాప్ చేయండి. 13వ వెర్షన్ నుంచి, స్లాట్ ఎంత వాల్ ఆపొచ్చో చెప్పే మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్ ఉంది. డిఫాల్ట్ మైనస్ 1, అంటే హద్దే లేదు. 20 జీబీ లాంటి హద్దు పెడితే, అది దాటిన రెప్లికాను మళ్లీ మొదటినుంచి కట్టాల్సి రావచ్చు, కానీ కాంటాల టైంల బిల్లింగు ఆగదు.