భూకంపం తర్వాత కళాకారుల పని

సభాధ్యక్షులకు, ఇక్కడికి విచ్చేసిన కళాకారులకు, సహాయ కార్యకర్తలకు, విద్యార్థులకు నమస్కారం.

ఎక్కడైనా భూకంపం వచ్చిందన్న వార్త వినగానే కళాకారులు ముందుగా తలపెట్టేది నిధి సేకరణ. అది తప్పక చేయవలసిన పని. 2010 జనవరి 12న హైతీ రాజధాని నేలమట్టమైన పది రోజులకే, పేరుపొందిన గాయకులు, నటులు కలిసి నడిపిన టెలివిజన్ కార్యక్రమానికి 5.8 కోట్ల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి. గాయపడినవారికి వైద్యం, బతికినవారికి నీరు, తిండి, గుడారం సమకూర్చవలసిన ఆ రోజుల్లో డబ్బు ఎంత త్వరగా అందితే అంత మేలు. దీన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు ఏమాత్రం లేదు. అయితే ఆ హైతీలోనే, ప్రపంచ దేశాలు ఇచ్చిన సహాయ ధనంలో అతి స్వల్ప భాగం మాత్రమే అక్కడి ప్రభుత్వం ద్వారా, అక్కడి సంస్థల ద్వారా ఖర్చయింది. ఇళ్లు ఎక్కడ కట్టాలి, దేన్ని ముందు బాగుచేయాలి అన్న నిర్ణయాలు చాలావరకు బయటివారి చేతుల్లోనే ఉండిపోయాయి. అందువల్ల, సహాయానికి బయలుదేరే కళాకారుడు తాను తీసుకువెళ్తున్నది ఆ ఊరివారి చేతికి బలమిస్తుందా, లేక వారి పని కూడా తానే చేసేసి వారిని పక్కన కూర్చోబెడుతుందా అని ముందే ఆలోచించుకోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇందుకు నాకు అన్నిటికంటే ముందు గుర్తుకొచ్చేది జపాన్‌లోని కోబె. 1995 జనవరి 17 తెల్లవారుజామున వచ్చిన ఆ భూకంపంలో 6,400 మందికి పైగా మరణించారు. నగాతా ప్రాంతంలో ఇళ్లు కూలడమే కాక మంటలు చెలరేగి వీధులకు వీధులే కాలిపోయాయి. తకతోరి చర్చి కూడా ఆ మంటల్లోనే పోయింది. వియత్నాం నుంచి శరణార్థులుగా వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఆ చర్చికి ఎక్కువగా వచ్చేవి. ప్రభుత్వం ఇచ్చే తాత్కాలిక గృహాలు పనిచోటుకు దూరమైతే ఉపాధి పోతుందన్న భయంతో, వారిలో చాలామంది దగ్గరి పార్కుల్లో ప్లాస్టిక్ పట్టాల కిందనే ఉండిపోయారు. వాస్తుశిల్పి షిగేరు బాన్ అక్కడికి వెళ్లి చర్చి కట్టిపెడతానన్నప్పుడు, ఊరు నిలబడకముందే చర్చి ఎందుకని అక్కడి ఫాదర్ ఒప్పుకోలేదు. బాన్ నొచ్చుకుని తిరిగి వచ్చేయకుండా మళ్లీ మళ్లీ వెళ్లారు. పార్కుల్లో ఉన్నవారి అవస్థను దగ్గర నుంచి చూశారు. చివరకు ఆ కుటుంబాలకు కాగితపు గొట్టాలతో గోడలు, ఇసుక నింపిన బీరు సీసాల పెట్టెలతో పునాదులు గల చిన్న ఇళ్లూ, చర్చి స్థలంలో అందరూ కూడుకోవడానికి ఒక మందిరమూ సిద్ధమయ్యాయి. మందిరంలో 58 కాగితపు గొట్టాలను అండాకారంలో నిలిపారు. దాన్ని విద్యార్థులు, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి కట్టారు. శిక్షణ లేనివారు, పెద్ద యంత్రాల అవసరం లేకుండా కట్టగలిగేటట్లు రూపొందించడమే ఆ కట్టడంలో నాకు కనిపించే గొప్ప కళ.

తాత్కాలికం అనుకున్న ఆ మందిరం పదేళ్లు నిలిచింది. 2005లో దాన్ని విడి భాగాలుగా విప్పి తైవాన్‌కు పంపారు. 1999 సెప్టెంబరు 21 భూకంపంలో తీవ్రంగా దెబ్బతిన్న తావోమి అనే గ్రామం దాన్ని కోరి తెచ్చుకుని, 2008లో తన నేలపై మళ్లీ నిలబెట్టుకుంది. ఆ గ్రామస్థులు అప్పటికే తమ చిత్తడి నేలల్లోని కప్పలను, తూనీగలను గురించి శాస్త్రీయంగా నేర్చుకుని, చూడవచ్చినవారికి తామే వివరించి చెప్పే స్థాయికి చేరి, దాని మీద ఒక జీవనోపాధిని ఏర్పరచుకున్నారు. ఒక దేశంలో దెబ్బతిన్న సమాజం తన ఆశ్రయాన్ని మరో దేశంలో దెబ్బతిన్న సమాజానికి ఇవ్వడం ఎంత అపురూపమైన విషయమో ఆలోచించండి. ఇక్కడ దాత, గ్రహీత అన్న తేడా చెరిగిపోయింది.

ఇక కళాకారులే బాధితులైన చోటు సంగతి. 2001 జనవరి 26న గుజరాత్‌లోని కచ్ ప్రాంతాన్ని కుదిపేసిన భూకంపం ఇరవై వేల వరకు ప్రాణాలను బలిగొంది. తరతరాలుగా అజ్రఖ్ అద్దకం చేసే ఖత్రీ కుటుంబాల ధమడ్కా గ్రామం ఇళ్లనూ, మనుషులనూ కోల్పోయింది. దానికి తోడు నీరు కూడా మారిపోయింది. అజ్రఖ్ పనికి నీరే ప్రాణం. బట్టను మళ్లీ మళ్లీ ఉతకాలి, నీలిమందులో ముంచాలి, చెక్క అచ్చులతో అద్దాలి, ఆరబెట్టాలి, తిరిగి ఉతకాలి. నీటిలో ఇనుము పెరిగితే రంగు తేటదనం పోతుంది. భూకంపం తర్వాత ధమడ్కా నీటికి జరిగింది ఇదే. ఇలాంటి నష్టం ఏ నష్టపరిహారం పట్టికలోనూ కనిపించదు. ఇల్లు కూలిందా, ఎంతమేర కూలింది అని రాసుకునే అధికారికి నీటి గురించి అడగాలన్న ఆలోచన రాదు. ఆ విషయం రంగు వేసేవారికే తెలుసు. ఇస్మాయిల్ మహమ్మద్ ఖత్రీ వంటి పెద్దలు ముందు నిలవగా, ఆ సమాజంలో ఒక భాగం భుజ్ నగరానికి దగ్గరలో అనువైన నీరున్న చోటు చూసుకుని అజ్రఖ్‌పూర్ అన్న కొత్త ఊరిని కట్టుకుంది. మరికొందరు పాత ఊరిలోనే ఉండిపోయారు. 2005లో నెలకొన్న ఖమీర్ సంస్థ కచ్‌లోని నేత, అద్దకం, కుమ్మరం వంటి వృత్తులకు దన్నుగా నిలిచింది. అదే ప్రాంతంలో భుంగాలు అనే గుండ్రటి మట్టి ఇళ్లు చాలాచోట్ల భూకంపాన్ని బాగా తట్టుకున్నాయి. మూలలు లేని గుండ్రటి గోడ అదురును చుట్టూ పంచుకుంటుంది. ఆ ఇళ్లు కట్టే మేస్త్రీలకు తెలిసిన పని పునర్నిర్మాణానికి పాఠమైంది.

నేపాల్‌లో సంప్రదాయ పనివారికే పని అప్పగించాలన్న విషయం ఒక పోరాటంగానే మారింది. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో ఖాట్మండు నడిబొడ్డున ఉన్న కాష్ఠమండపం అనే పురాతన చెక్క కట్టడం కూలినప్పుడు అందులో రక్తదాన శిబిరం జరుగుతోంది. దానం చేయడానికి వచ్చినవారే ప్రాణాలు కోల్పోయారు. తర్వాత పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వి చూస్తే, పునాదులు ఏడో శతాబ్దం నాటివనీ, గట్టిగానే ఉన్నాయనీ, వెనుకటి మరమ్మతులో ఒక ప్రధాన స్తంభాన్ని దాని కింది రాతిలో కూర్చకుండానే వదిలేశారనీ తేలింది. తక్కువ ధరకు పాడినవారికే గుత్తను అప్పగించే పద్ధతిలో ఇటువంటి కట్టడాలను పునర్నిర్మించడాన్ని నగరవాసులు ఎదిరించారు. సంప్రదాయ వడ్రంగులతో, పాత పద్ధతిలోనే కట్టాలని పట్టుబట్టారు. ఏళ్ల తరబడి సాగిన ఆ ప్రయత్నం ఫలించి 2022 నాటికి మండపం మళ్లీ నిలిచింది.

కళాకారుల సదుద్దేశం ఒక్కటే చాలదని చెప్పడానికి ఇటలీలోని జిబెల్లీనాను కూడా ప్రస్తావించాలి. 1968 జనవరిలో సిసిలీలో వచ్చిన భూకంపానికి ఆ ఊరు పూర్తిగా నాశనమైంది. దూరంగా మరో చోట కొత్త ఊరు కట్టారు. మేయర్ లుదోవికో కొరావ్ పిలుపు మీద ఎందరో కళాకారులు శిల్పాలు, కట్టడాలు ఇచ్చారు. అల్బెర్తో బుర్రి పాత ఊరి శిథిలాలను తెల్లటి కాంక్రీటుతో కప్పి, వీధులున్న చోట మాత్రం దారులు వదిలాడు. స్మారకంగా దానికి సాటివచ్చేవి తక్కువ. కానీ ఆ ప్రాంతపు జనం అప్పటికి సంవత్సరాల తరబడి తాత్కాలిక గుడిసెల్లో మగ్గారు. కొత్త ఊరి విశాలమైన వీధులు, పొరుగువారితో గోడ పంచుకుని బతికిన వారికి పరాయిగానే తోచాయని విమర్శ ఉంది. ఆ విమర్శలో నిజముందని నేను అనుకుంటాను. కళ అక్కడికి ఉదారంగా వచ్చింది, కానీ ఊరివారిని అడిగి రాలేదు.

దీనికి భిన్నంగా, ఫ్రెంచి గాయకుడు షార్ల్ అజ్నవూర్ 1988 డిసెంబరు ఆర్మేనియా భూకంపం తర్వాత తన పూర్వీకుల దేశం కోసం ఒక సంస్థ స్థాపించి, ఎందరో గాయకులతో పాట రికార్డు చేయించి, అక్కడితో ఆపక దశాబ్దాల పాటు ఆ దేశానికి అండగా నిలిచారు.

ఈ సభలో సంగీత, నాట్య, నాటక సంఘాల వారు ఉన్నారు కనుక కొన్ని పనులను సూటిగా కోరుతున్నాను. సహాయ ప్రదర్శన పెట్టేటప్పుడు డబ్బు ఎవరికి, ఎప్పటిలోగా చేరుతుందో టిక్కెట్టు మీదే రాయండి. వసూలైన దానిలో ఒక భాగాన్ని రెండో ఏడాదికీ, మూడో ఏడాదికీ విడిగా ఉంచండి, ఎందుకంటే అప్పటికి విరాళాలు ఎండిపోతాయి, అప్పులు మాత్రం మిగిలి ఉంటాయి. బాధిత ప్రాంతపు కళాకారులను వేదిక మీదికి పిలిచి, వారికి పారితోషికం ఇవ్వండి. చేతిపనివారికి దుప్పట్లతో పాటు మగ్గం, అచ్చులు, ఉలి, ముందస్తు సొమ్ముతో ఒక ఆర్డరు ఇవ్వండి. చిత్రకారులు, ఫొటోగ్రాఫర్లు భూకంపం వచ్చే దాకా ఎదురుచూడనవసరం లేదు. భూకంప ప్రమాదమున్న ప్రాంతాల్లోని పాత కట్టడాలను కొలతలతో సహా ఇప్పుడే గీసి, ఫొటోలు తీసి, ఒక ప్రతిని ఆ ఊరివారి దగ్గరే ఉంచితే, రేపు విరిగిన వాసం ఏ చోటిదో చెప్పడానికి వారికి బయటివారి అవసరం ఉండదు.

ఓపికగా విన్నందుకు మీ అందరికీ ధన్యవాదాలు.