ఆ సగం కథ చెప్పింది ప్లేటో కాదు

"మనిషి సగమే పుడతాడు, మిగతా సగాన్ని వెతుక్కోవడమే ప్రేమ, అన్నాడు ప్లేటో." పెళ్లి వీడియోల్లో, స్టేటస్‌ల్లో ఈ మాట కనబడినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. కథ గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన సింపోజియం అనే పుస్తకంలోదే. కానీ చెప్పేది అందులో ఒక పాత్ర, అరిస్టోఫనీస్. అదే పుస్తకంలో ఆ మాటను కాదన్నవాళ్లూ ఉన్నారు.

క్రీ.పూ. 416, ఏథెన్స్. నాటకాల పోటీలో గెలిచిన అగథాన్ ఇంట్లో విందు. ఒక్కొక్కరూ ఎరోస్‌ని, అంటే ప్రేమ దేవుణ్ణి, పొగడాలి. హాస్యనాటకాలు రాసే అరిస్టోఫనీస్‌కి తన వంతు వచ్చేసరికి ఎక్కిళ్లు. అవి తగ్గాక మొదలుపెట్టాడు.

పూర్వం మనుషులు గుండ్రంగా ఉండేవాళ్లట. నాలుగు చేతులు, నాలుగు కాళ్లు, రెండు ముఖాలు. దేవుళ్ల మీదికే పోబోతే, దేవుళ్ల రాజు జ్యూస్ వాళ్లను రెండుగా కోశాడు. ఎలాగంటే, వెంట్రుకతో గుడ్డు కోసినట్టు. పుస్తకంలో ఉన్న పోలికే ఇది! మన ఇళ్లల్లో ఉడికిన గుడ్డుని దారంతో కోస్తాం చూడండి, దారం బిగించి లాగితే పచ్చసొన చెదరకుండా రెండు చెక్కలవుతుందే, అలా. తర్వాత అపోలో అనే దేవుడు చర్మాన్ని పొట్ట మీదికి లాగి, సంచి మూతి బిగించినట్టు ముడేశాడు. అదే బొడ్డు. ఆ చెక్కలు ఒకదాన్నొకటి వాటేసుకుని, తిండి మానేసి చనిపోయేవి.

గుండెకి తగిలే కథ, ఒప్పుకుంటాను. కానీ తర్వాత ప్లేటో గురువు సోక్రటీస్ వంతు. తనకు డియోటిమా అనే ఆమె నేర్పింది చెప్పాడు. ప్రేమ కోరేది సగాన్నీ కాదు, మొత్తాన్నీ కాదు, అది మంచిదైతే తప్ప. పాడైందనుకుంటే సొంత కాలైనా, చెయ్యైనా తీయించుకుంటాం కదా, అంటుంది ఆమె.

మళ్లీ గుడ్డు దగ్గరికే రండి. రెండో చెక్క కుళ్లిపోయి ఉంటే? దీనిదే కదా అని పక్కన పెట్టి వడ్డిస్తామా? "నీవాడే కదా, సర్దుకుపో" అని ఏ అమ్మాయికైనా చెప్పేముందు ఈ ఒక్క ముక్క గుర్తు తెచ్చుకోండి.

టైం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. డియోటిమా లెక్కలో ఎరోస్ తల్లి పేదరికం, తండ్రి ఉపాయం. అందుకే చెప్పుల్లేకుండా తిరుగుతాడు, గుమ్మాల దగ్గర పడుకుంటాడు, కానీ గొప్ప వేటగాడు. ఇక ప్రేమ మెట్టు మెట్టుగా ఎక్కే నిచ్చెన: ఒక అందమైన దేహం, అన్ని దేహాలు, మనసులు, చట్టాలు, జ్ఞానం, చివరికి అందమే. మొదటి మెట్టు దేహమేనని గమనించండి, ప్లేటోనిక్ ప్రేమ అంటే దేహమే వద్దనడం అనుకునేవాళ్లు.

సోక్రటీస్ ఆపగానే, ఆ సగం ప్రస్తావన తన గురించేనని అరిస్టోఫనీస్ ఏదో అనబోయాడు. అంతలో ఎవరో తలుపు దబదబా బాదారు. ఏథెన్స్ రాజకీయ నాయకుడు ఆల్సిబియాడీస్, బాగా తాగి ఉన్నాడు. అరిస్టోఫనీస్ ఏమనబోయాడో ప్లేటో రాయలేదు.