కడుపులో కెరటాలు: ఎవరి గడియారం వారిదే

మాధవి: పొట్ట మీద ఎలక్ట్రోడ్లు అంటిస్తే దొరికే జీర్ణాశయం విద్యుత్ సిగ్నల్, అదే ఈజీజీ (ఎలక్ట్రోగ్యాస్ట్రోగ్రామ్). దాన్ని కంప్యూటర్ మోడల్‌లో ఎలా రాబట్టాలన్నది ఇవాళ్టి అంశం. వాసూ, యూనిట్ల సంగతి చివర్లో.

వాసు: నేనింకా నోరే తెరవలేదు!

మాధవి: తెరవక్కర్లేదులే. ముందు జీర్ణాశయం గోడ. అందులోని కాహాల్ కణాలు, అంటే లయ పుట్టించే కణాలు, నిమిషానికి దాదాపు 3 స్లో వేవ్‌లు (నెమ్మదైన విద్యుత్ కెరటాలు) పుట్టిస్తాయి. పేస్‌మేకర్, అంటే కెరటం మొదలయ్యే చోటు, ఉండేది పెద్ద వంపు వైపు, కార్పస్ (జీర్ణాశయం నడిమి భాగం) పైభాగంలో. ఫండస్‌లో, అంటే అన్నిటికన్నా పై గోపురంలో, స్లో వేవ్‌లు ఉండవు. కాబట్టి మెష్‌లో (జీర్ణాశయాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టిన వలలో) ఆ భాగానికి లయ పుట్టించే కాహాల్ కణాలు పెట్టకండి.

వాసు: కార్పస్‌లో వేగం సెకనుకు సుమారు 3 మిల్లీమీటర్లు, 20 సెకన్లకో కెరటం. గుణిస్తే కెరటానికీ కెరటానికీ 60 మిల్లీమీటర్ల ఎడం. మొదటిది పైలోరస్ (జీర్ణాశయం కింది ద్వారం) చేరేలోగా వెనకాల రెండు మూడు బయల్దేరిపోతాయి. అందుకే అర నిమిషం సిమ్యులేషన్ దండగ. పది నిమిషాలు నడిపి, మొదటి ఐదూ పారేస్తే మంచిది.

మాధవి: పారేసినా ఒక తప్పు మాత్రం పోదు. అన్ని కణాలకూ ఒకే పరామితులు, ఒకే ఆరంభ స్థితి ఇచ్చారనుకో. జీర్ణాశయమంతా ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరుతుంది. కెరటమే ఉండదు.

వాసు: అందుకని పైనుంచి కిందికి సొంత ఫ్రీక్వెన్సీ తగ్గేలా చేత్తో దిద్దుతారు. అది ప్రశ్నలోనే జవాబు రాసేయడం కదా!

మాధవి: ఎలా అవుతుంది? ఆంట్రం (పైలోరస్‌కి ముందున్న కింది భాగం) ముక్కను కోసి విడిగా పెడితే నిజంగానే నెమ్మదిగా కొట్టుకుంటుంది. కలిసి ఉన్నప్పుడు పైభాగం దాన్ని తన లయలోకి లాక్కుంటుంది.

వాసు: ముక్క నెమ్మది, ఒప్పుకుంటా. మధ్యలో తగ్గుదల సరళరేఖలా ఉంటుందని ఎవరు చెప్పారు?

మాధవి: ఎవరూ చెప్పలేదు. అందుకే ముందు కలపకుండా నడపమంటాను. కప్లింగ్ (పక్క కణాల మధ్య లంకె) సున్నా చేసి, ఒక్కో నోడ్ (మెష్‌లోని బిందువు) ఏ లయలో కొడుతోందో రాసుకో. తర్వాత కప్లింగ్ కొంచెం కొంచెంగా పెంచు. చాలకపోతే ఫ్రీక్వెన్సీ మెట్లు మెట్లుగా విడిపోతుంది. జీర్ణాశయంలో అలా కనిపిస్తే మోడల్ తప్పు. చిన్న పేగులో అయితే అదే ఒప్పు: దాని మొదట్లో, డియోడినంలో, నిమిషానికి 12 దాకా, ఆఖరి భాగమైన ఇలియం చివర 8 దగ్గర.

వాసు: సరే, వేగం తప్పొచ్చిందనుకో, కండక్టివిటీ (కరెంటు ఎంత సులువుగా పారుతుందన్నది) చూస్తాను. అది పదో వంతయితే వేగం 3.16 రెట్లు తగ్గుతుంది. 3 రావాల్సిన చోట 1 కూడా రాదు. మీటరుకు సీమెన్స్‌లో ఉన్న అంకెను సెంటీమీటరుకు మిల్లీసీమెన్స్ అనుకుని వేస్తే సరిగ్గా ఇదే...

మాధవి: వచ్చేశాయి యూనిట్లు!

వాసు: రాక ఏం చేస్తాయి? కణ మోడల్ మిల్లీసెకన్లలో, సాల్వర్ (సమీకరణాలు విప్పే ప్రోగ్రాం) సెకన్లలో ఉంటే...

మాధవి: ఆగు, ఆగు. నువ్వు చెప్పిన వర్గమూలం లెక్క ఒక కణం పక్క కణాన్ని రేపితేనే వర్తిస్తుంది. ప్రతి కణానికీ సొంత గడియారం ఉంటే, కనిపించే కదలిక పక్కపక్క కణాల ఫేజ్ తేడా, అంటే ఒకటి కాస్త ముందు, ఇంకోటి కాస్త వెనక కొట్టడం, కావచ్చు. కండక్టివిటీ తప్పుగా ఉన్నా, గ్రేడియంట్, అంటే నువ్వన్న ఆ ఫ్రీక్వెన్సీ తగ్గుదల, దిద్దుకుంటూ పోతే 3 వచ్చేస్తుంది. నీ యూనిట్ల తప్పు కూడా కప్పబడిపోతుంది.

వాసు: (కాసేపాగి) ఇది నాకు నచ్చలేదు.

మాధవి: నచ్చకపోతే పరీక్షించు. ఆంట్రం వైపు నుంచి 20కి బదులు 17 సెకన్లకోసారి ప్రేరణ ఇవ్వు. కెరటం వెనక్కి, పైకి పాకితే అది ప్రసారం. పాకకపోతే గ్రేడియంట్ గీసిన బొమ్మ.

వాసు: పైకి పాకినా మెష్ చూడాలి. వేవ్‌ఫ్రంట్ (కెరటం ముందంచు) మందం అంటే వేగాన్ని వోల్టేజీ ఎగబాకే సమయంతో గుణించడమే. అర సెకను పడితే ఒకటిన్నర మిల్లీమీటరు. నోడ్ల ఎడం 2 మిల్లీమీటర్లు పెట్టావంటే కెరటం ముందుకు పోకుండా మెష్‌లోనే ఇరుక్కుంటుంది. ఎడం సగం చేసి మళ్ళీ నడుపు. వేగం మారితే పాత మెష్ పనికిరానట్టే.

మాధవి: ఇందులో నాకూ తగువు లేదు. అయ్యో, ఈజీజీ!

వాసు: రెండు ముక్కల్లో కానిచ్చేయ్.

మాధవి: గోడ మీది కరెంట్లను మూలాలుగా తీసుకుని, మొండెం మోడల్‌లో చర్మం మీది వోల్టేజీ లెక్కగట్టాలి. నిమిషానికి 3 సైకిళ్ళంటే 0.05 హెర్ట్జ్. 0.015 నుంచి 0.15 హెర్ట్జ్ దాకా వదిలే ఫిల్టర్ పెడితే గుండె కొట్టుకోవడం పక్కకి పోతుంది. చిక్కల్లా, మూడు నాలుగు కెరటాల పొటెన్షియల్స్ ఒకే ఎలక్ట్రోడ్ కింద కలిసిపోతాయి. లయ దొరుకుతుంది కానీ, ఒకే ఎలక్ట్రోడ్‌తో దిక్కు దొరకడం కష్టం. వెనక్కి నడిచే కెరటం కూడా నిమిషానికి 3 చొప్పునే కొట్టవచ్చు. స్పెక్ట్రమ్ (ఏ లయ ఎంతుందో చూపే గ్రాఫ్) చక్కగా ఉందని...

వాసు: ఆ చర్మం వోల్టేజీ మైక్రోవోల్టుల్లోనా, మిల్లీవోల్టుల్లోనా?

మాధవి: నేను ఆపేస్తున్నా రికార్డింగు.

వాసు: లేదు, నిజంగానే అడుగుతున్నా...