తాతయ్య తెచ్చిన రాయి, కిరణాలకు చావని బాక్టీరియా

నేను: నమస్తే అండి. ఈ ఎపిసోడ్ గరివిడిలో మా తాతయ్య ఇంటి వరండాలో రికార్డు చేస్తున్నాం. పక్కన మా పిన్ని ఉంది. చాలా ఏళ్లు కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పింది. పిన్నీ, బల్ల మీద ఈ నల్లరాయి దేనికి?

పిన్ని: మాంగనీసు రాయిరా. మీ తాతయ్య గని నుంచి తెచ్చింది. దాని దగ్గరికి వస్తాను. ముందు మాంసం డబ్బా సంగతి చెప్పనీ.

నేను: చెప్పు.

పిన్ని: 1956లో అమెరికాలోని ఓరెగాన్‌లో ఆర్థర్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త, డబ్బాల్లో నింపిన మాంసాన్ని గామా కిరణాలతో నిలవ ఉంచవచ్చా అని చూస్తున్నారు. ఏ క్రిమీ బతకదనుకున్నంత మోతాదు ఇచ్చారు. అయినా మాంసం పాడైంది. అందులో దొరికిందే డైనోకాకస్ రేడియోడ్యూరాన్స్ అనే బాక్టీరియా. గులాబీ ఎరుపు రంగు, నాలుగేసి కణాలు అతుక్కుని కనిపిస్తాయి.

నేను: ఎంత రేడియేషన్ తట్టుకుంటుందేటి?

పిన్ని: దానికి గ్రే అని ఒక కొలత ఉంది. మనిషి ఒంటి మీద ఒక్కసారిగా 5 గ్రేలు పడితే, వైద్యం అందకపోతే బతకడం కష్టం. దీని మీద 5,000 గ్రేలు పడినా దాదాపు అన్నీ బతికే ఉంటాయి.

నేను: అంటే దాని డీఎన్‌ఏ తెగదన్నమాట.

పిన్ని: తెగుతుంది నాన్నా! మామూలు బాక్టీరియాది ఎంత తెగుతుందో దీనిదీ అంతే తెగుతుంది. ఆ మోతాదుకి వందకు పైగా ముక్కలవుతుంది. అయినా కొన్ని గంటల్లో అన్నీ మళ్లీ వరసలో అతుక్కుంటాయి. మొదటిసారి చదివినప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను: ఏ ముక్క పక్కన ఏ ముక్క పెట్టాలో ఎలా తెలుస్తుంది?

పిన్ని: మీ అక్క పెళ్లి శుభలేఖలు మిగిలాయి కదా. ఒక్కటే కార్డు చించితే, ఏ ముక్క తర్వాత ఏది వస్తుందో చెప్పడం కష్టం. అవే కార్డులు నాలుగైదు తీసుకుని ఒక్కోదాన్ని ఒక్కో చోట చించావనుకో. ఒక ముక్క పెళ్లికొడుకు పేరు దగ్గర ఆగిపోతుంది. ఇంకో కార్డు ముక్కలో అదే పేరు మధ్యలో ఉండి, ముహూర్తం దాకా సాగుతుంది. పేరు మీద పేరు ఆనిస్తే తర్వాత ఏముండాలో తెలిసిపోతుంది. ఈ బాక్టీరియాలో జన్యు సమాచారం మొత్తం నాలుగు నుంచి పది ప్రతులుగా ఉంటుంది. అన్నీ ఒకే చోట తెగవు కదా.

నేను: అయితే ఆ ఆనించే పని ఎవరు చేస్తారు?

పిన్ని: ప్రోటీన్లు. డీఎన్‌ఏకి రెండు పోగులుంటాయి. తెగిన కొసల దగ్గర వాటిలో ఒక పోగును కొంత మేర కొరికేస్తాయి. మిగిలిన ఒంటి పోగు తనకు సరిపోయే వరస ఉన్న వేరే ప్రతి ముక్కను వెతుక్కుంటుంది. దాన్ని చూసి కొత్త పోగు పొడవుగా అల్లుకుంటూ పోతుంది. అలా పెరిగిన పోగులు జతపడతాయి. ఆఖరున రెక్‌-ఏ అనే ప్రోటీన్ సాయంతో పెద్ద ముక్కలు కలిసి మొత్తం క్రోమోజోములు తయారవుతాయి. 2006లో మిరోస్లావ్ రాడ్మన్ బృందం దీన్ని వివరంగా చూపించింది.

నేను: రెక్‌-ఏ వేరే బాక్టీరియాల్లోనూ ఉంటుంది కదా? మరి అవెందుకు చచ్చిపోతున్నాయి?

పిన్ని: సరైన చోట పట్టుకున్నావురా. 2018లో తిత్లీ తుపానుకి ఉద్దానంలో కరెంటు స్తంభాలు ఎలా పడిపోయాయో చూశావు. లైన్‌మన్లు వచ్చి మళ్లీ నిలబెట్టారు. ఆ లైన్‌మన్లే పడిపోయి ఉంటే? రేడియేషన్ కణంలోని నీటిని కూడా చీలుస్తుంది. దాంట్లోంచి పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలు ప్రోటీన్లను పాడుచేస్తాయి. మామూలు బాక్టీరియాలో డీఎన్‌ఏతో పాటు దాన్ని బాగుచేసేవాళ్లూ పోతారు. ఇందులో వాళ్లు క్షేమంగా ఉంటారు.

నేను: వాళ్లను ఎవరు కాపాడుతున్నారు?

పిన్ని: ఇదిగో, ఈ రాయిలో ఉన్నదే. మాంగనీసు. ఆ కణాల్లో ఇనుము తక్కువ, మాంగనీసు ఎక్కువ. అది ఫాస్ఫేటుతో, పెప్టైడ్లనే చిన్నచిన్న ప్రోటీన్ ముక్కలతో కలిసి ఆ చురుకైన ఆక్సిజన్‌ని మట్టుపెడుతుంది. మైకేల్ డేలీ బృందం 2004లో చూపించింది, మాంగనీసు తక్కువ పెట్టి పెంచితే ఈ బాక్టీరియాకి ఆ శక్తి తగ్గిపోతుంది.

నేను: తాతయ్య ఈ రాయినేగా రోజూ తవ్వేవారు!

పిన్ని: చొక్కా జేబుల్లో కూడా నల్లటి పొడి ఉండేది. అలాగని మాంగనీసు మనకు మందు అనుకోవద్దు. ఆ ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే నరాలు దెబ్బతింటాయి. గనుల్లో పనిచేసేవాళ్లు మాస్కు లేకుండా దిగకూడదు.

నేను: ఇంకో సందేహం. భూమ్మీద సహజంగా అంత రేడియేషన్ ఎక్కడా లేదు. మరి దీనికి ఈ విద్య ఎలా వచ్చింది?

పిన్ని: ఎండిపోవడం వల్ల. మే నెలలో చెరువు అడుగు బీటలు వారుతుంది చూడు, అలా పూర్తిగా ఎండిపోయినా డీఎన్‌ఏ తెగిపోతుంది. ఎండి, వాన పడగానే మళ్లీ లేచే అలవాటే రేడియేషన్‌కీ పనికొచ్చిందని 1996లో మాటిమోర్, బాటిస్టా అనే శాస్త్రవేత్తలు అన్నారు. ఈ బాక్టీరియాలోనే రేడియేషన్‌కి లొంగిపోయే రకాల్ని ఎండబెడితే, అవి ఎండిపోవడానికీ తట్టుకోలేకపోయాయి. నాకు ఈ వివరణే నమ్మకంగా అనిపిస్తుంది.

నేను: కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం పెడతామంటున్నారు కదా, ఒక శ్రోత అడిగారు. ఈ బాక్టీరియా అణు వ్యర్థాల్ని తినేస్తుందా?

పిన్ని: తినేయదు. రేడియోధార్మికతను ఏ జీవీ ఆర్పలేదు, దాని కాలం అది తీసుకుంటుంది. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు సాల్మొనెల్లా జన్యువు ఒకటి దీంట్లో పెట్టారు. అప్పుడు నీళ్లలో కరిగి ఉన్న యురేనియం గట్టి పదార్థంగా మారి, నీటి నుంచి వేరుపడింది. యురేనియం మాయం కాలేదు, ఒక చోటికి చేరింది. దాన్ని జాగ్రత్తగా ఉంచే బాధ్యత మళ్లీ మనుషులదే.

నేను: ఆ రాయి ఒకసారి ఇలా ఇవ్వు పిన్నీ. అబ్బో, ఇంత బరువా!

పిన్ని: రెండు చేతులతో పట్టుకో, కాలి మీద పడుతుంది.