నల్లమద్దిలో నీళ్లు: కొండరెడ్లు చూపించిన చెట్టు

[దృశ్యం: ఎండాకాలం అడవి, ఆకులు రాలిన చెట్లు. సంగీతం లేదు, నీళ్లు చిమ్మే చప్పుడు ఒక్కటే.]

2024 మార్చి చివర్లో ఈ వీడియో మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది. పాపికొండల నేషనల్ పార్కులో అటవీ సిబ్బంది ఒక చెట్టు బెరడు మీద గాటు పెట్టారు. కుళాయి తిప్పినట్టు నీళ్లు చిమ్మాయి. అద్భుతం అంటూ అందరం షేర్ చేశాం. ఆ సంగతి అధికారులకు చెప్పింది కొండరెడ్లు. గోదావరి పక్క కొండల్లో తరతరాలుగా బతుకుతున్న ఆదివాసులు.

[క్లోజప్: బెరడు]

చెట్టు పేరు నల్లమద్ది. బెరడు చూడండి, మొసలి వీపులా గళ్లుగళ్లుగా చీలి ఉంటుంది. మనకేం కొత్త చెట్టు కాదు. చెన్నూరు, మహదేవ్‌పూర్ వైపు దసలి పట్టుపురుగులు పెరిగేది మద్ది ఆకు తినే.

అయితే ప్రతి నల్లమద్దిలోనూ నీళ్లుండవు. వరసగా ఎన్ని చెట్లు నరికినా చుక్క రాకపోవచ్చు. నీళ్లు దాచుకున్న మాను ఒకచోట ఉబ్బి ఉంటుంది. వాగులు ఎండిపోయే రోజుల్లో ఆ ఉబ్బును గుర్తుపట్టే కన్ను కావాలి. ఆ నీళ్లు ఘాటైన వాసనతో పుల్లగా ఉంటాయని కూడా తెలిసుండాలి, లేకపోతే మొదటి గుక్కకే భయపడి ఉమ్మేస్తాం.

ఇదంతా ఒకరోజు కూర్చోబెట్టి నేర్పే పాఠం కాదు. పెద్దవాళ్ల వెనకాల అడవిలో నడుస్తుంటే పిల్లలకు అబ్బుతుంది. వేసవిలో కొండరెడ్ల కడుపు నింపే జీలుగు కల్లూ అంతే. ఏ చెట్టు ఎప్పుడు గీయాలో చేత్తో నేర్చుకోవాల్సిందే.

[దృశ్యం: మాను మీద గాటు]

ఒక్క మాట గట్టిగా చెప్తాను. ఇది చూసి మీ ఊరి మద్ది మీద కత్తి పెట్టకండి. నీళ్లు లేని చెట్టుకు మిగిలేది గాయమే. ఆ గాటులోంచే పురుగూ తెగులూ లోపలికి పోతాయి. పాపికొండల్లో ఆ చెట్టు ఎక్కడుందో అధికారులు బయటపెట్టలేదు. చాలా మంచి పని చేశారు.

[దృశ్యం: గోదావరి, దూరంగా కొండలు]

నాకు దిగులల్లా ఇంకోటి. పోలవరం ముంపు వల్ల దేవీపట్నం మండలంలో కొండరెడ్ల ఊళ్లు ఖాళీ అయ్యాయి. వాళ్లను పునరావాస కాలనీలకు తరలించారు. ఆ కాలనీలో పుట్టిన మనవడికి తాత ఉబ్బిన మానును ఎక్కడికి తీసుకెళ్లి చూపిస్తాడు?