మ్యాష్ దిగనని మొరాయిస్తే: కొత్త ఫాల్స్ బాటమ్‌తో మూడు బ్యాచ్‌లు

నమస్తే అండీ. ఇదిగో, ఇదే ఆ ఫాల్స్ బాటమ్: ఇంట్లో బీరు చేసేటప్పుడు మ్యాష్ పాత్ర అడుగున పెట్టే చిల్లుల ప్లేటు. మ్యాష్ అంటే వేడినీళ్ళలో నానబెట్టిన మాల్ట్, అదే మొలకెత్తించి ఎండబెట్టి, ఆడించిన గింజలు. కంపెనీవాళ్ళు ఉచితంగా పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందే చూపించమని కూడా అడగలేదు. పేరు మాత్రం చెప్పను, ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్, చుట్టూ సిలికాన్ అంచు, కింద పొట్టి కాళ్ళు.

నాకు కావాల్సింది ఒక్కటే. మ్యాష్ అయ్యాక కుళాయి తిప్పితే వోర్ట్, అంటే అందులోంచి వచ్చే తీపి రసం, ధారగా దిగాలి. ఆల్-గ్రెయిన్, అంటే పూర్తిగా గింజలతోనే బీరు చేసేవాళ్ళకి ఆ టెన్షన్ తెలుసు. మొదట ధార, కాసేపటికి దారంలా సన్నగా, ఆ తర్వాత చుక్క... చుక్క... చివరికి అదీ ఉండదు. పాత్రలో వోర్ట్ నిండుగా ఉంటుంది, మనమేమో కుళాయి ముందు గొంతుక్కూర్చుని దాని మొహం చూస్తుంటాం.

దీనికి ముందు నేను బజూకా స్క్రీన్ వాడాను, అదే, తీగ జాలీతో చేసిన గొట్టం. మూడేళ్ళు మాట పడకుండా పనిచేసింది. ఒకరోజు తెడ్డుతో కాస్త గట్టిగా కలిపితే అట్టముక్కలా అణిగిపోయింది. సరిగ్గా అప్పుడే ఈ ప్లేటు వచ్చింది, కాబట్టి ఆశలు ఎక్కువే పెట్టుకున్నా.

మొదటి బ్యాచ్. 5 కిలోల పేల్ మాల్ట్ (లేత రంగు బార్లీ మాల్ట్), 67 డిగ్రీలు, గంటసేపు. కుళాయి పూర్తిగా తిప్పాను. రెండు లీటర్లు బ్రహ్మాండంగా వచ్చి ఆగిపోయింది! చిర్రెత్తుకొచ్చి కెమెరా ముందే ప్లేటును నానా మాటలూ అన్నాను. ఆ ముక్క మీకు చూపించడం లేదు, ఎందుకంటే తప్పు నాది. మర్నాడు మిల్లు రోలర్ల మధ్య ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే సందు 0.7 మిల్లీమీటర్లే ఉంది. స్క్రూ వదులై ఎప్పుడు దగ్గరికి జరిగాయో ఏమో, మాల్ట్ సగం పిండైపోయింది.

కాస్త ఇటు చూడండి, ఇది ముఖ్యం. ఈ కాగితం మీద ఎడమవైపు ఉన్నది ఆ రోజు ఆడించిన మాల్ట్. వేళ్ళతో రుద్దితే తెల్లగా అంటుకుంటోంది, పొట్టు తునాతునకలైంది. కుడివైపుది 1.1 మిల్లీమీటర్ల సందు దగ్గర ఆడించింది. గింజ లోపలిది పగిలింది గానీ పొట్టు దాదాపు ముక్క ముక్కగా కాకుండా నిలిచింది. అసలు వడపోసేది ప్లేటు కాదండీ, ఈ పొట్టు. ప్లేటు దాన్ని మోస్తుందంతే. ఆడించే ముందు 5 కిలోలకి 100 మిల్లీలీటర్ల నీళ్ళు చిలకరించి, బాగా కలిపి పది నిమిషాలు ఉంచాను. పొట్టు మెత్తబడి సాగుతుంది, విరగదు. నీళ్ళు ఎక్కువైతే రోలర్లకి బంకలా పట్టేస్తుంది, చూసుకోండి.

రెండో బ్యాచ్ అలాగే చేశాను. ఈసారి కుళాయి పావు వంతే తెరిచాను. ఒక్కసారిగా తెరిస్తే కింద వోర్ట్ ఖాళీ అయిపోయి, పైనున్న పిప్పంతా ప్లేటు మీద అదుముకుంటుంది. కుళాయికి తగిలించిన గొట్టం ఎంత కిందికి వేలాడితే అంత పీలుస్తుంది కూడా. దించే ముందు మ్యాష్‌ని 76 డిగ్రీలకి తెచ్చాను, వేడికి వోర్ట్ పలచబడుతుంది. చివరిదాకా ధార తెగలేదు. ప్లేటుకి క్షమాపణ చెప్పాను, నిజంగానే.

ఇక మూడోది. 60 శాతం గోధుమ మాల్ట్. గోధుమకి పొట్టు ఉండదు, పైగా మ్యాష్ జిగురుగా తయారవుతుంది. మామూలుగా అయితే కడిగిన వరి ఊక కలుపుతాను, మొత్తం గింజల బరువులో ఐదు శాతం దాకా. పరీక్ష కదా అని ఈసారి కావాలనే మానేశాను. అనుకున్నట్టే ఆగిపోయింది. దానికి నా మందు ఒకటుంది: దించడం ఆపి, కుళాయికున్న అదే గొట్టంలోంచి వేడినీళ్ళు కింద నుంచి పైకి ఎక్కించడం. అణిగిన పిప్పి మెల్లగా లేచి గుల్లబడుతుంది. కుళాయి కట్టేసి పది నిమిషాలు ఆగి, మళ్ళీ నిదానంగా తెరిస్తే సరి.

ప్లేటు బండారం బయటపడింది ఇక్కడే. పిప్పి లేవడానికి బదులు ప్లేటే లేచింది! ఒక పక్క పైకి ఒరిగి సిలికాన్ అంచు మడతపడింది. జిగురంతా దాని కిందికి పాకి కుళాయిలో కూరుకుపోయింది. మొత్తం మ్యాష్‌ని మగ్గుతో తోడి వేరే పాత్రలో పోసుకున్నాను. ఇదిగో, ఈ బొబ్బ ఆ రోజుదే.

బార్లీ మాత్రమే వాడుతూ, తొందరపడకుండా దించుకునేవాళ్ళకి ఇది బాగానే పనిచేస్తుంది, కాదనను. కానీ అలాంటప్పుడు ఏ ప్లేటైనా పనిచేస్తుంది. మ్యాష్ ఇరుక్కున్న రోజు తనే పైకి తేలిపోయే ప్లేటు నాకెందుకు? మధ్యలో అడుక్కి బిగించే స్క్రూ ఒక్కటి పెట్టి ఉంటే ఈ గోలంతా ఉండేది కాదు.

నేను మళ్ళీ బజూకా స్క్రీన్‌కే ఆర్డర్ పెట్టాను. ఈ ప్లేటు మీద ఇప్పుడు కడిగిన సీసాలు బోర్లిస్తున్నాను. నీళ్ళు మాత్రం భలే దిగుతున్నాయి.