ఇసుక సందుల్లో గోదావరి

సభకు నమస్కారం.

ఆనకట్ట మాట రాగానే మనం ఆయకట్టు గురించి, నీటిమట్టం గురించి, మహా అయితే పులస గురించి మాట్లాడుకుంటాం. ఈ సాయంత్రం నేను నది అడుగున ఇసుక రేణువుల నడుమ బతికే, కంటికి ఆనని జంతువుల గురించి చెప్పదలచాను. మిల్లీమీటరు కన్నాల జల్లెడలోంచి జారిపోయి, అందులో ఇరవయ్యో వంతు కన్నాలున్న జల్లెడ మీద నిలిచే ఈ జీవులకు 1942లో మాలీ మేర్ అనే శాస్త్రవేత్త మీయోబెంథోస్ అని పేరు పెట్టారు. నెమటోడ్లనే సన్నని పురుగులు, రొయ్యలకు దూరపు చుట్టాలైన కోపిపాడ్లు, తలమీద చక్రం తిరుగుతున్నట్టు కనిపించే రోటిఫర్లు వీటిలో ముఖ్యమైనవి. చదరపు మీటరు అడుగులో ఇవి లక్షల్లో ఉండటం మామూలే. మన వాల్తేరు తీరపు ఇసుకలోని ఇలాంటి జీవులను పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖర రావు 1960లలోనే పరిశీలించారు.

వీటికి ఇల్లంటే రేణువుకూ రేణువుకూ మధ్యనున్న ఖాళీ. అందులోంచి పారే నీరే ప్రాణవాయువును, తిండిని మోసుకొస్తుంది. ఆనకట్ట వెనుక ప్రవాహం మందగించగానే, వడిలో తేలివచ్చిన బంకమన్ను అడుగుకు దిగి ఆ సందులను పూడ్చేస్తుంది. ప్రాణవాయువు తగ్గితే తట్టుకోలేని కోపిపాడ్లు అక్కడ పలచబడగా, బురదలోనూ దూరి బతకగల నెమటోడ్ల వాటా పెరుగుతుంది. కాబట్టి మొత్తం సంఖ్య చూసి జీవులు తగ్గలేదని తేల్చడం తొందరపాటు. ఏవి పోయి ఏవి మిగిలాయో చూడాలి.

దిగువన నష్టం మరో రకంగా ఉంటుంది. ఒండ్రు జలాశయాల్లోనే ఆగిపోతే, దిగువ ప్రవాహం ఉన్న సన్న ఇసుకను కోసుకుపోయి ముతకను మిగులుస్తుంది. తలుపులు ఒక్కసారిగా ఎత్తినప్పుడు పైపొరతోపాటు జీవులూ కొట్టుకుపోతాయి. వీటిలో చాలా వాటికి నీటిలో తేలుతూ దూరం పోగల పిల్లదశ లేదు కనుక, ఖాళీ అయిన చోటికి మళ్లీ చేరడం అంత సులువు కాదు.

అయితే 1852లో పూర్తయిన కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట ఎత్తు తక్కువది, వరదను దిగువకు పోనిచ్చేది. ఒండ్రు తగ్గిన నేరాన్ని దాని మీదకంటే ఎగువనున్న పెద్ద జలాశయాల మీద మోపడమే న్యాయమని నా అభిప్రాయం. డెల్టాలో, ఆ పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన నేటి బ్యారేజి ప్రభావం ఎక్కువగా కనిపించవలసింది దాళ్వా, అంటే రెండో పంట వరి, కాలంలో. నీరు కాలువలకు మళ్లి, గౌతమి, వసిష్ఠ పాయల్లోకి వదిలేది తగ్గినకొద్దీ, సముద్రపు పోటు ఉప్పును పైకి తోస్తుంది. మంచినీటి జాతులు వెనక్కి తగ్గి, ఉప్పును ఓర్చుకునేవి ఆ చోటును ఆక్రమిస్తాయి. ఎర్రనీరు, అంటే కొత్త వరదనీరు, వచ్చాక ఈ వరుస తిరగబడుతుంది. ఈ మార్పు నదీముఖానికి కొత్తేమీ కాదు, కాని ఉప్పు నిలిచే రోజులు పెరిగితే తిరిగి రావడానికి మంచినీటి జీవులకు మిగిలే వ్యవధి తగ్గుతుంది. కోరంగి మడ అడవుల నీళ్లలో పెరిగే చేపపిల్లలకు కోపిపాడ్లు ఆహారం కనుక, ఇది వలవేసే వారికీ సంబంధించిన విషయమే.

ఇసుక తవ్వి తరలించే ర్యాంపులు చేసిన గాయాన్ని ఆనకట్ట ఖాతాలో రాయకుండా ఉండాలంటే, తవ్వకం లేని చోట్లను ఎంచుకుని, బ్యారేజికి ఎగువన, దిగువన, ఎర్రనీటికి ముందూ తరువాతా, దిగువన మాత్రం పోటుపాట్ల వేళ చూసుకుని, గొట్టంతో ఇసుకను పొరలు చెదరకుండా తీసి పోల్చవలసి ఉంటుంది.